మూతకు వెల్డింగ్ కొట్టిన సాఫ్ట్‌వేర్

మొన్న నాంపల్లి మెట్రో స్టేషన్ మెట్లు దిగుతూ మా మనవరాలు ఫోనులో ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ చూపించి, ఇది పూర్తిగా ఓపెన్ సోర్స్ తాతా అని మురిసిపోతుంటే, లైసెన్సు చదివావా, ఇచ్చిన కోడ్‌తోనే అది తయారవుతుందో లేదో ఎవరైనా చూశారా అని నేను గద్దించిన తీరుకు దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. నా కోపం ఆ పిల్ల మీద కాదు. ఓపెన్ సోర్స్ అన్న మాట వింటే నా కళ్ళకు ఇప్పటికీ ముందుగా రక్తమే కనబడుతుంది.

మా మేనమామకు నాంపల్లిలో ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. కంప్యూటర్లు వచ్చాక అక్కడ అక్షరాల కూర్పు నేనే చూసేవాణ్ణి. ఆ రోజుల్లో ఆబిడ్స్‌లో ఒక కంప్యూటర్ దుకాణదారు తెలుగు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, ఇది ఓపెన్ సోర్స్, కోడంతా మీదే, మార్చుకోండి, పంచుకోండి అని ప్రచారం చేశాడు. ప్రెస్సులవాళ్ళు తమ పాత పుస్తకాలన్నీ అందులోకి మార్చడానికి సిద్ధపడ్డారు. మామకు అది బతుకు సమస్య. ఒకసారి మారిస్తే ఆయన జీవితకాలపు పని మరెక్కడా తెరుచుకోదు. కోడ్ నిజంగా మన చేతిలో లేకుంటే, రేపు దుకాణదారు చేతులెత్తేసిననాడు ప్రెస్సూ మూతపడుతుంది.

పాత అచ్చుయంత్రం కొనేటప్పుడు మాలో ఒక పద్ధతి ఉండేది, మీలో అచ్చుపని ఎరిగినవారికి గుర్తుండే ఉంటుంది. అమ్మేవాడి ఎదుటే యంత్రాన్ని విప్పి, తిరిగి బిగించి, ఒక కాగితం అచ్చువేసి చూశాకే బేరం. సాఫ్ట్‌వేర్‌కూ అదే పద్ధతి అన్నాడు మామ. ఆ కోడ్‌ను నేను వేరే కంప్యూటర్‌లో మొదటినుంచి తయారుచేయబోతే అది నడవలేదు. ఒత్తులూ గుణింతాలూ పేర్చే భాగానికి కోడే లేదు. ఆ భాగాన్ని మనిషి చదవలేని ముద్దగా ఇచ్చారు. లైసెన్సు చివర, వ్యాపారానికి వాడాలంటే తమ అనుమతి కావాలని చిన్న అక్షరాల్లో ఉంది. అన్నీ తేదీతో సహా రాసి మామకు చెప్పాను.

ఆ కంప్యూటర్ దుకాణం మేడమీద చేరిన ప్రెస్సులవాళ్ళందరి ముందూ మామ లేచాడు.

“విప్పినవ్ సరే. బిగించి నడిపియ్, జూస్తం.”

“ఏంది కాకా, గిది లారీ ఇంజననుకున్నవా?” అని దుకాణదారు అందరినీ నవ్వించాడు.

“ఇంజనైతే మూత తీసి జూస్తుంటి బిడ్డా. నువ్వు మూతకు వెల్డింగ్ కొట్టినవ్.”

ఈసారి నవ్వు అటు తిరిగింది. దుకాణదారు తమ్ముడు మామ గల్లా పట్టి గోడకేసి కొట్టాడు, అడ్డుపడిన నా భుజంమీద ఇనుపకుర్చీ విరుచుకుపడింది, కీబోర్డులు గాల్లోకి లేచాయి, అద్దాల తలుపు భళ్ళుమంది, ఆ గాజుపెంకుల మీద మామ కుడిచేతిని వాడు బూటుకాలితో తొక్కిపట్టి, “మా లైసెన్సుకు ఒప్పుకుంటున్న అను!” అని అరిచాడు. నిన్నటిదాకా మామతో చాయ్ తాగినవాళ్ళు గోడలకు అతుక్కుని నిలబడ్డారు. వేళ్ళు విరుగుతున్న చప్పుడు నేను విన్నాను. మామ మాత్రం ఆ మాట అనలేదు.

దవాఖాన నుంచి వచ్చాక ఆ చేయి మళ్ళీ పిడికిలి పట్టలేదు, కానీ ప్రెస్సు నడిచింది. కొన్నాళ్ళకు దుకాణదారు ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆపేస్తే, అందులోకి మారినవాళ్ళు తెరుచుకోని పుస్తకాల పాత అచ్చుప్రతులు పట్టుకుని, మళ్ళీ కూర్చిపెట్టమని మా గుమ్మమెక్కారు. ఎడమచేత్తో ప్రూఫులు దిద్దుకుంటున్న మామ ఒక్కరినీ నిష్ఠూరమాడలేదు. ఆ పని నేను చేశాను.

ఇప్పుడు ఆ మేడమీద బట్టలు అమ్ముతున్నారు. కోడ్ దాచేవాడికి నేడు ఎవరినీ కొట్టే అవసరమే లేదు, విప్పి చూపమని అడిగేవాడు లేడు గనుక. చేయి విరగ్గొట్టినా మామ చేత అనిపించలేకపోయిన మాటను, లైసెన్సు చదవనైనా చదవకుండా, మనం ఫోను మీద ఒక్క వేలితో నొక్కి ఒప్పుకుంటున్నాం.