తెగితే ఆగాలి

మేడ మీది గదిలో మగగొంతు మొదటిసారి విన్నది డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తున్నప్పుడు. ఇంకా పొద్దు వాలలేదు. ఆ గదిలో అద్దెకుంటున్న అమ్మాయిది నల్గొండ వైపు పల్లె. మాధాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. గది ఇచ్చేటప్పుడు నేను చెప్పిన షరతుల్లో మగవాళ్ళెవరూ పైకి రాకూడదన్నది మొదటిది. ఆ గొంతు నాలుగు మాటలు పాడి, మాట మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ ఎక్కడినుంచో, వేరే చరణం నడుమన మొదలైంది. మళ్ళీ ఆగింది. పాడే మనిషి నోరు మూసుకున్నా ఊపిరి చప్పుడైనా వినిపిస్తుంది. అక్కడ అదీ లేదు. చేతిలో దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తలుపు తట్టాను.

“ఎవరమ్మాయ్ లోపల?”

“మా అన్న, ఆంటీ.”

“అన్నయ్యయినా సరే, ముందు నాతో ఒక మాట చెప్పాలా వద్దా? ఏడీ, బయటికి రమ్మను.”

ఆ పిల్ల తలుపు పూర్తిగా తెరిచింది. మంచం, కుర్చీ, బల్ల మీద కంప్యూటర్. ఇంకెవరూ లేరు.

“లేడాంటీ,” అంది. “పోయినేడు సచ్చిపోయిండు.”

అది 2011. సకల జనుల సమ్మెకు కొంచెం ముందు. మాది గుంటూరు జిల్లా. ఉద్యోగం బదిలీ మీద ఈ ఊరు వచ్చి, ఇక్కడే ఆడిట్ శాఖలో రిటైరై, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్థిరపడ్డాను. మా వీధిలో ఎక్కువమంది మా వైపువాళ్ళే. ఆ రోజుల్లో కూరగాయల బండి దగ్గర కూడా “మనల్ని పొమ్మంటారంటారా?” అన్నదే పలకరింపు.

ఆ అమ్మాయి అన్న ఊళ్ళో ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, తెలంగాణ సభల్లో పాడేవాడట. ఒక సభ నుంచి తిరిగి వస్తుంటే వాళ్ళ వ్యాన్‌ను లారీ గుద్దింది. ఇంట్లో అతని ఫొటోలున్నాయి కానీ గొంతు లేదు. ఎవరూ దాచలేదు. ఎప్పుడంటే అప్పుడు పాడేవాడు కనుక దాచాలని ఎవరికీ తోచలేదు. చివరికి ఎవరో ఒక సభ మొత్తాన్ని వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారని తెలిసింది. అందులో ఇతను చివర్లో వచ్చి కొన్ని పాటలు పాడతాడు. వాటిలో మొదటిది, వాళ్ళమ్మ వరినాట్లలో పాడే పాటను అతను సభకు తగ్గట్టు కట్టుకున్నదట. ఆ తల్లి కొడుకు గొంతు కోసం కనిపెట్టుకుని ఉంది.

“అయితే పూర్తిగా వినక, ఈ ఆగడాలేమిటి?” అన్నాను.

అమ్మాయి చెప్పింది. ఆ వీడియో టొరెంట్ పద్ధతిలో వస్తోంది, అంటే ఫైలు ఒకచోట ఉండదు. ఎవరి దగ్గరుంటే వాళ్ళ కంప్యూటర్ల నుంచి ముక్కలు ముక్కలుగా, వరస లేకుండా వస్తుంది. మనకు వచ్చిన ముక్కను మనమూ పక్కవాళ్ళకు ఇస్తూ ఉంటాం. రాని ముక్క దగ్గర గొంతు ఉండదు. నేను విన్న నిశ్శబ్దం అదే.

నాకు ఇంకో సంగతి తట్టింది. ఇంట్లో నెట్ కనెక్షన్ నా పేరు మీద ఉంది.

“ఇచ్చిపుచ్చుకునేవాళ్ళకు ఒకరి చిరునామా ఒకరికి తెలుస్తుందన్నమాటేగా?”

“తెల్వదాంటీ. వీపీఎన్ పెట్టిన. సొరంగంలకెల్లి పోయినట్టు. బయటోల్లకు మనిల్లు కనబడది.”

“సొరంగం కూలితే?”

“కూలితే ఆ ప్రోగ్రాముకేం ఎరుక? మామూలు తొవ్వల పోతనే ఉంటది.”

“నా పేరుతో.”

“మీ పేరుతోనే.”

ఇలాంటి వీడియోలు పంచేవాళ్ళను స్టేషన్‌కు పిలుస్తున్నారని అప్పట్లో అనుకునేవారు. నిజమో కాదో నాకు తెలియదు. ఒక్క కేసు పడితే ఆ పిల్లకు కంపెనీలో ఉద్యోగం పోతుంది. నాకు పింఛను మీద భయం. ఇక వీధిలోవాళ్ళకు తెలిస్తే ఏమంటారో చెప్పక్కర్లేదు.

“తెగితే ఆగాలి,” అన్నాను. “సొరంగం తెగిన క్షణం ఆ పంపకం దానంతటదే ఆగిపోయేట్టు చెయ్యగలవా, ఉంచు. లేదా, నా ఇంట్లో వద్దు.”

రెండు రోజుల్లో ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. నల్లటి కిటికీలాగా తెర మూలన కూర్చుని, వీపీఎన్ ఉందా లేదా అని చూస్తూ ఉంటుంది. లేకపోతే టొరెంట్‌ను మూసేస్తుంది. దాన్ని మేము కాపలా అనేవాళ్ళం.

“అయిపోయిందాంటీ. తెగితే ఆగుతది.”

“తెంచి చూశావా?”

“చూసుడెందుకు? రాసింది నేనే కద.”

మా శాఖలో తాళం ఉందా అని అడగడం నాకు ఎవరూ నేర్పలేదు. తాళం పట్టుకుని లాగడం నేర్పారు. లాగమన్నాను. అమ్మాయి వీపీఎన్ ఆపింది. టొరెంట్ ఆగలేదు. మేమిద్దరం చూస్తుండగానే నా ఇంటి నెట్ నంబరుతో హాయిగా పంపకం చేసుకుంటూ పోయింది, ఆ తరువాతెప్పుడో ఆగింది.

“కాపలా నిమిషానికోపారి చూస్తదాంటీ,” అంది నాలుక కరుచుకుని.

“వాచ్‌మన్ ఇటు చివర ఉండగా దొంగ అటు చివర దూరితే?”

మార్చింది. మళ్ళీ లాగమన్నాను. ఈసారి వెంటనే ఆగింది. నెట్ వైరు పీకించాను. ఆగింది. మెయిన్ స్విచ్ తీయించాను. పొద్దు పోయేదాకా ఇదే పని.

“మా టెస్టింగ్ లీడ్ గూడ గింత సతాయించడు,” అని నవ్వింది. “మిమ్మల్ని మా కంపెనీల తీస్కపోయి కూసోబెట్టాలె.”

ఇంకొక షరతు కూడా పెట్టాను. ఆగినది దానంతటది మళ్ళీ మొదలు కాకూడదు. సీలు పగిలితే, ఎందుకు పగిలిందో ఒక మనిషి వచ్చి చూశాకే కొత్త సీలు వెయ్యాలి. ఆ పద్ధతి నాకు ఎముకల్లో ఉంది. అమ్మాయి అలాగే చేసింది.

ఆ షరతు నా మీదికే వచ్చింది. సమ్మె మొదలైంది. బొగ్గు గనులు ఆగిపోయి పగలంతా కరెంటు కోతలు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, వీధి చివర నెట్ డబ్బాకు కరెంటు ఉండదు. నెట్ పోతుంది, సొరంగం తెగుతుంది, కాపలా అన్నీ మూసేస్తుంది. అమ్మాయి ఆఫీసులో ఉంటుంది. కనుక నేనే మేడెక్కి, ముందు సొరంగం, తరువాత కాపలా, ఆ పైన టొరెంట్, ఆ వరసలో తెరిచేదాన్ని. వరస తప్పితే మళ్ళీ మొదటినుంచి.

కొన్నిసార్లు అమ్మాయి పొద్దున విని మూయడం మరిచిన వీడియో కిటికీ తెర మీద ఉండేది. మౌస్ ఎక్కడో తగిలితే అతను నా వెనక నిలబడి పాడినట్టు గొంతు లేచేది. పక్కకు తిరిగి చూసేదాన్ని. చూడకూడదని తెలుసు, అయినా చూసేదాన్ని. కింద బియ్యం కడుగుతుంటే సగం చరణం నోటికొచ్చేది. మిగతా సగం ఇంకా రాలేదు కనుక నాకు తెలియదు. ఆ సగం దగ్గర నా చేతులు ఆగిపోయేవి. కొన్ని పాటల్లో మా వైపువాళ్ళను గట్టిగానే తిట్టాడు. అవి వచ్చినప్పుడు అమ్మాయి చప్పుడు తగ్గించబోయేది.

“తగ్గించకు,” అనేదాన్ని. “రాగం పోతుంది.”

వారానికొకసారి ఊరినుంచి వాళ్ళమ్మ ఫోను. అమ్మాయి స్పీకరు పెట్టి మాట్లాడేది.

“అన్న వచ్చిండా బిడ్డా?”

“ఇంక జర ఉన్నదమ్మా.”

“గింత దూరం నుంచి వస్తుండు. తొవ్వల ఏం తింటుండో,” అని తనే నవ్వేది.

టొరెంట్‌లో ముక్కలు ఇచ్చేవాళ్ళ పేర్లుండవు కానీ పక్కన వాళ్ళ దేశం జెండా ఉంటుంది. పూర్తి ఫైలు ఉన్నది ఒక్కడి దగ్గరే. వాడు శుక్రవారాలు మాత్రమే వస్తున్నాడని పట్టుకున్నది నేను. జెండా దుబాయ్‌ది.

“శుక్రవారం వాళ్ళకు సెలవు కదా,” అన్నాను.

అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. “మస్తు పట్టిండ్రాంటీ! మనోల్లే ఎవరో కూలికి పోయినోడు. రూముల కూసొని ఇంటుండొచ్చు.”

ఫైలు కింద నాలుగు మాటలు రాసే చోటు ఉంటుంది. ఒక వారం అక్కడ ఆ మనిషి రాశాడు: వీసా అయిపోయింది, సిస్టం అమ్మేస్తున్న, ఈ శుక్రవారమే ఆఖరు, కావాల్నంటే తీస్కోండ్రి. అమ్మాయి తన ఫోన్ నంబరు రాసి బతిమాలింది. జవాబు రాలేదు. ఇంక కొద్ది ముక్కలే మిగిలాయి. కానీ అవన్నీ ఒకచోటివే: అతను మైకు ముందుకు వచ్చేది, ఆ నాట్ల పాట మొదలుపెట్టేది.

ఆ శుక్రవారం పొద్దున కరెంటు పోయింది. మధ్యాహ్నం దాటాక వచ్చింది. నెట్ కూడా వచ్చింది. నేను మేడెక్కి వీపీఎన్ నొక్కాను. ఒక చక్రం తిరుగుతూనే ఉంది. తీసి మళ్ళీ నొక్కాను. మళ్ళీ చక్రమే. కంప్యూటర్ ఆపి వేశాను. అదే. అమ్మాయికి ఫోను చేశాను.

“ఇక్కడ రోడ్డు మీద ర్యాలీ ఉన్నదాంటీ, బండ్లు ఆపిండ్రు. కంపెనీ బస్సు పోదంటున్నరు.”

“నీ బస్సు సంగతి కాదు. సొరంగం రావడం లేదు.”

ఇంకో ఊరి పేరు మీద నొక్కమంది. నొక్కాను. మరొకటి. ఏదీ కలవలేదు.

“పోనియ్యుండ్రి ఆంటీ,” అంది చివరికి. గొంతు మామూలుగా ఉంచాలని చూస్తోంది. “ఇగ వచ్చినకాడికే. అమ్మకు నేను చెప్త.”

“కాపలా ఎలా మూయాలో చెప్పు.”

“వద్దాంటీ. మీరే కద అన్నరు...”

“ఏమన్నానో నాకు గుర్తుంది. చెప్పు.”

“మీ పేరు మీద పోతది. రేపు ఎవరన్న వస్తే?”

“వస్తే నేను మాట్లాడుకుంటాను. వయసులో పెద్దదాన్ని, నాలుగు ప్రశ్నలు నేనూ వేస్తాను. దుబాయ్‌లో సాయంత్రమయ్యేదాకా ఈ వాదనేనా?”

చెప్పింది. నల్ల కిటికీ మూశాను. టొరెంట్ తెరిచాను. ఈసారి ఏ సొరంగమూ లేదు. నా ఇంటి నెట్ నంబరు తెర మీద కనబడుతూనే ఉంది. కాసేపటికి ఆ జెండా వచ్చింది.

ముక్కలు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే కుర్చీ అంచున కూర్చుని చూశాను. కింద గేటు చప్పుడైతే పోలీసులేమో అనుకున్నాను. పాలవాడు. ఫ్యాను వేసుకోలేదు. ఎందుకో, నేను కదిలితే ఆగిపోతుందనిపించింది. ఆగలేదు. పూర్తయినట్టు చూపించాక కూడా అతని పాట నేను తెరవలేదు. ముందు వినవలసింది నేను కాదు.

అమ్మాయి మాధాపూర్ నుంచి నడిచే వచ్చింది. చెప్పులు గుమ్మంలో వదిలి, నీళ్ళు కూడా తాగకుండా వాళ్ళమ్మకు ఫోను కలిపి స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

“అమ్మా, అన్న వచ్చిండు.”

అమ్మాయి వీడియో చివరి భాగం తెరిచింది. తెర మీద చీకటి, జనం తలలు, దూరాన ఒక వెలుగు. సన్నటి మనిషి మైకు ముందుకు వచ్చి దాన్ని వేలితో తట్టాడు. ఇన్ని రోజులూ నేను గొంతు వినడమే తప్ప మనిషిని సరిగా చూడలేదు. భుజం మీది కండువా సర్దుకుని, సభ వెనక్కి చూస్తూ అడిగాడు.

“ఎన్క కూసున్న అమ్మలకు ఇనబడుతుందా?”

“ఇనబడుతుంది కొడుకా,” అంది ఫోనులో తల్లి. “పాడు.”

అతను పాడాడు. ఎక్కడా ఆగలేదు. నా నోట్లో ఇన్నాళ్ళు సగంలో నిలిచిన చరణానికి రెండో సగం వచ్చింది. అది మా వైపు ఊళ్ళలోనూ నాట్లప్పుడు వినిపించేలాంటి రాగమే. అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లలా కూర్చుంది.

పాట అయిపోయాక ఉలిక్కిపడి లేచి టొరెంట్ మూయబోయింది. “ఇంక తెరిచే ఉన్నదాంటీ, మీ పేరు మీద!” అంటూనే ఆగింది. దుబాయ్ జెండా లేదు. ఆ మనిషి వెళ్ళిపోయాడు. కానీ కింద ఇంకొక గీత కదులుతోంది. ఏ ఊరో తెలియదు, ఎవరో ఇప్పుడే వచ్చి అతని పాటను మా దగ్గర్నుంచి తీసుకుంటున్నారు. పూర్తి ఫైలు లోకంలో ఇక మా దగ్గరే ఉంది.

“ఏమైంది?” అంది తల్లి.

“ఎవరో అన్నను తీస్కుంటున్నరమ్మా. సగంల ఉన్నరు.”

“ఎవరు?”

“తెల్వది.”

“సగంల ఆపకు బిడ్డా,” అంది ఆమె. “సగం ఇంటే మనిషికి నిద్ర పట్టది.”

అమ్మాయి మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూసింది. నేను కిందికి వెళ్ళి గేటు గడియ వేసి, ఇద్దరికీ అన్నం కలిపి పైకి తెచ్చాను. ఆ గీత నిండేదాకా అక్కడే కూర్చున్నాం.