నాగూర్ గుర్రం తోక

ముప్పయ్యారో సంవత్సరం మాటండీ. ఏలూరు స్టేషను కాడ జట్కా తోలే నాగూర్ లేడూ, అతని గుర్రం తోక తమ్మిలేరంత పొడుగు! అబద్ధమంటారా? పోనీ, సగం తీసెయ్యండి. ఊళ్లో ఎవరికి పులిపిరి లేచినా ఆ తోక వెంట్రుకే దిక్కు. నాగూరే లాగి, పులిపిరి మొదట్లో బిగించి కట్టేవాడు. అది ఎండి రాలిపోయేది. ప్లీడరు గుమాస్తా శేషగిరిరావు గారి ముక్కు మీద దోసకాయంత పులిపిరి రాల్చింది కూడా ఇతనే.

పెళ్లయిన చాన్నాళ్లకి నాగూర్ పెళ్లాం రబియా ఆడపిల్లని కంది. పిల్ల మేలిమి బంగారం. కాకపోతే చెవి వెనకాల ఎర్రగా, మెత్తగా రేగ్గాయంత ముద్ద. ఏడిస్తే ఉబ్బేది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

డాక్టరమ్మ చూసి, "ఇది పులిపిరి కాదు నాగూర్. రక్తనాళాలు చిక్కుపడి పుట్టింది. పిల్లకి కాస్త ఒళ్లు రానీ. అప్పుడు కోసి, లోపల నాళాలన్నీ దారంతో కట్టేస్తాం. ఈలోగా ముట్టుకోకండి" అందంట.

ఇంటికొచ్చాక రబియా పిల్లని ఒళ్లోంచి దించలేదు. "ఇంత పసిగుడ్డు మీద కత్తా? నాకు భయమండీ."

"కత్తెందుకే? ఆవిడ దారం కడతానంది, నేను వెంట్రుక కడతాను. ఊరందరికీ కట్టినోణ్ణి, నా పిల్లకి కట్టలేనా?"

తోకలో సన్నటి వెంట్రుక ఏరి, పిల్లని ముద్దెట్టుకుని మరీ కట్టాడు. మర్నాడు పిల్ల గుక్కపట్టి ఏడిచింది. ముద్ద ఉబ్బింది, వెంట్రుక కత్తిలా దిగింది. ఇంకోళ్ల సంగతైతే కొల్లేరంత నెత్తురు అనేదాన్ని. కాదండీ. రబియా పైటకొంగు తడిసింది, అంతే. అంత చిన్న ఒంట్లో ఉండేదే అంతంట.

జట్కా గాల్లో తోలాడు. డాక్టరమ్మ కుట్లు వేస్తూనే ఉంది, పిల్ల ఏడుపు ఆగిపోయింది. ఆవిడ సూది పక్కన పెట్టి, పిల్ల మొహం మీద గుడ్డ కప్పింది.

ఆ సాయంత్రమే నాగూర్ గుర్రం తోక మొదలంటా కత్తిరించేశాడు. మెడ మీద ఇంకోటి లేచిందని శేషగిరిరావు గారొచ్చి, "ఏవోయ్, ఒక్క వెంట్రుకోయ్!" అంటే, "లేదండి బాబూ" అని మొండితోక చూపించాడు.

ఎండలు ముదిరాయి. జోరీగలు ముసురుతుంటే తోక లేని గుర్రం గిలగిల్లాడిపోయేది. రైలు దిగినోళ్లు పిలిచినా నాగూర్ పలికేవాడు కాదు. పిల్ల పొత్తిగుడ్డతో దాని వీపు మీద ఈగలు తోలుతా నిలబడేవాడు.

పక్క జట్కా హబీబ్ చూడలేక, "ఊరుకో అన్నా, తోక మళ్లీ పెరుగుద్దిలే" అన్నాడు.

అప్పుడేడిచాడండీ నాగూర్. అందాకా ఏడవలేదు.