నాకు అప్పగించిన గంట

కొన్నేళ్ళుగా నేనొక మంచిపేరు మోస్తున్నాను. అది నాది కాదు.

చెడ్డపేరైతే పోట్లాడైనా దించుకోవచ్చు. మంచిపేరు అలా దిగదు. చర్చిలో ఎవరో ఒకరు దాన్ని సర్ది మళ్ళీ నా భుజాల మీదే పెడతారు. నేను తల దించుకుంటాను. సిగ్గుతో దించుకున్న తలని చూసి వినయం అనుకుంటారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పగలిగి ఉంటే ఇది ఇంత దూరం వచ్చేదే కాదు.

ముందు నా ఊపిరి గురించి చెప్పాలి. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. చలికాలంలో రాత్రుళ్ళు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. పామర్రు దగ్గర మా ఊళ్ళో బడి దూరమేమీ కాదు, కానీ ఆ కాస్త నడకకే పిల్లికూతలు మొదలయ్యేవి. మా నాన్న టైలరు. మిషను పక్కన పీట వేసి నన్ను కూర్చోబెట్టుకుని, చర్చిలో పాడే పాటల పుస్తకంలోంచి అక్షరాలు నేర్పాడు. లెక్కలు కొలతల టేపుతో నేర్పాడు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. నాకు ఊపిరి సాఫీగా ఆడిన ప్రతి పొద్దునా మా ఇంట్లో అందరం స్తోత్రం చెప్పేవాళ్ళం. ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ గ్లాసుడు మంచినీళ్ళు తాగినా లోపల ఒకసారి స్తోత్రం అనుకుంటాను.

పెళ్ళయి ఉయ్యూరు వచ్చాను. రెండో కాన్పు తర్వాత డాక్టరమ్మ నడవమంటే కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టాను. ఒకరోజు వాన ముంచుకొస్తుంటే ఇంటిదాకా పరిగెత్తాను. గుమ్మంలో ఆగి చూసుకుంటే పిల్లికూత లేదు. ఆయాసం ఉంది గానీ అది అందరికీ వచ్చే ఆయాసం. తడిసిన బట్టలతో అక్కడే నిలబడి ఏడ్చాను. అప్పట్నుంచి పరుగు నాకు దేవుడిచ్చిన బహుమానమే. ఇప్పటికీ అలాగే అనుకుంటాను. అదే నా బాధ.

మా ఆయన విజయవాడలో ఒక హాస్పిటల్లో ల్యాబ్ టెక్నీషియన్. ఎక్కువగా నైట్ డ్యూటీలు. ఆయన ఒకటే అన్నారు, ఇంటికీ మందిరానికీ అడ్డు రాకుండా ఎంతైనా పరిగెత్తుకోమని. మంచి మాటే. కానీ పిల్లలిద్దరి బాక్సులు, అత్తయ్యకి టిఫిన్‌కి ముందు ఇన్సులిన్, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, వీటి మధ్య సందుల్లో దూరాలు పరిగెత్తడం నేర్చుకోవాల్సి వచ్చింది. విజయవాడలో నేను చేరిన రన్నింగ్ గ్రూపు వాళ్ళంతా ఆదివారం తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున కలిసి పరిగెత్తేవాళ్ళు. ఆదివారం నాది కాదు. వాళ్ళ పెద్ద పరుగు నేను వేరే రోజు ఒక్కదాన్నే చేసుకునేదాన్ని. మోకాళ్ళ మీద ఉంటే పరుగు గుర్తొచ్చేది. పరుగులో ఉంటే పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. ఎక్కడున్నా ఇంకోచోటికి ఆలస్యమైనట్టే ఉండేది.

దానియేలు బాబాయి మాకు చుట్టమేమీ కాదు. మా చర్చి మనిషి. వంతెన పక్కన సైకిల్ షాపు. చీకటితోనే లేచి షాపు ముందు టీ తాగుతూ కూర్చునేవాడు. నన్ను చూస్తే ఊరుకునేవాడు కాదు. "ఏమ్మాయ్, వెనకాల కుక్క కూడా లేదు, నిదానంగా పోవచ్చుగా" అనేవాడు. తిరిగి వస్తుంటే, మళ్ళీ ఇక్కడికే రావడానికి అంత తొందర దేనికి అనేవాడు. కోడలు ప్యాంటు వేసుకుని గట్టు మీద పరిగెడుతోందని మా అత్తయ్య స్త్రీల కూడికలో వాపోయినప్పుడు ఆమెకి సర్దిచెప్పింది కూడా ఆయనే. బడిదాకా నడవలేని పిల్ల ఇప్పుడు పరిగెడుతోందంటే ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి వదినా, అన్నాడట. అత్తయ్య ఆ తర్వాత ఎప్పుడూ ప్యాంటు మాట ఎత్తలేదు.

ఆ బాబాయికే ఊపిరితిత్తులు చెడిపోయాయి. విజయవాడ తీసుకెళ్ళారు. చర్చిలో గొలుసు ప్రార్థన పెట్టారు.

గొలుసు ప్రార్థన అంటే, ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినప్పుడు రోజంతటినీ గంటలుగా పంచుకుంటాం. ఎవరి గంటలో వాళ్ళు తమ ఇంట్లోనే మోకాళ్ళూని ఆ మనిషి కోసం ప్రార్థించాలి. గంట అయ్యాక తర్వాతివాళ్ళకి ఫోన్ చేసి "అందుకోండి" అంటాం. వాళ్ళు "అందుకున్నాను" అంటారు. ఎవరూ ఎవరినీ చూడరు. మాట మీదే నడుస్తుంది. ఒక్క గంట ఖాళీగా పోయినా గొలుసు తెగినట్టేనని మా పాస్టరుగారు ప్రతిసారీ చెబుతారు.

తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదు నాకు వచ్చింది. నేను తీసుకోలేదు, బాబాయే ఇచ్చాడు. హాస్పిటల్‌కి ఇడ్లీ పట్టుకెళ్ళినప్పుడు ముఖం మీది మాస్కు పక్కకి జరిపి, నాలుగింటికి మెలకువ వచ్చేస్తోందని, ఆ వేళ భయంగా ఉంటోందని చెప్పాడు. ఆ గంట నువ్వుండమ్మాయ్ అన్నాడు. ఊపిరాడకపోతే ఎలా ఉంటుందో నీకు తెలుసుగా అన్నాడు. అలాగే బాబాయ్ అన్నాను.

మొదట్లో ఉన్నాను. అది మాత్రం నిజం. డాబా మీద చాప వేసుకుని, చలికి శాలువా కప్పుకుని, నిజంగానే ఉన్నాను.

అప్పటికి నా మొదటి మారథాన్ దగ్గరపడింది. దానికి ముందు ఆఖరి పెద్ద పరుగు ఒకటి మిగిలింది. అది ఎగ్గొడితే చివర్లో కాళ్ళు మొరాయిస్తాయని గ్రూపులో పెద్దాయన ఫోన్లో హెచ్చరించారు. హాస్పిటల్ తిరుగుళ్ళలో అప్పటికే ఒకసారి వాయిదా పడింది. ఏడింటికల్లా ఇంట్లో ఉండాలంటే నాలుగింటికి బయల్దేరాలి. ఎటు తిప్పి చూసినా అది బాబాయి గంట మీదికే వచ్చేది.

వేరేవాళ్ళని ఆ ఒక్కరోజు ఉండమని అడగొచ్చు. ఎందుకు అడగలేదు? అడిగితే కారణం చెప్పాలి కాబట్టి. పరుగు కోసం అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డ పని చెయ్యడానికి సిగ్గుపడలేదు. పరిగెడుతూ ప్రార్థిస్తానని నాకు నేను చెప్పుకున్నాను, దేవుడు మోకాళ్ళే చూస్తాడా అని. ఎంత చక్కటి మాట. కానీ దాన్ని నేను నమ్మి ఉంటే, డాబా మీద ప్రార్థన ముగించుకుని అటునుంచి అటే పరుగుకి వెళ్తానని అత్తయ్యకి ముందురోజే అబద్ధం ఎందుకు చెప్పి పెట్టుకున్నాను?

చెరుకు సీజను. ఫ్యాక్టరీకి ట్రాక్టర్లు తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి రోడ్డు మీద ఒంటరితనం లేదు. మంచు పట్టింది. గాలిలో చెరుకుపాలు కాగుతున్న వాసన. కొంత దూరం బాబాయి పేరు పలుకుతూనే పరిగెత్తాను. పలుకు సగంలో ఊపిరికి తెగేది. మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఆ తర్వాత ఊపిరి కుదురుకుంది. అది కుదురుకున్నాక ఎలా ఉంటుందో పరిగెత్తేవాళ్ళకి తెలుసు. ఒంటి బరువు పోతుంది, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టుంటుంది, ఇల్లు, వంట, మాట ఇచ్చిన మనుషులు, అందరూ మంచులో కలిసిపోతారు. మూసి ఉన్న బాబాయి షాపు ముందునుంచే వెళ్ళాను. షట్టరు చూశాను. అప్పుడైనా గుర్తు రావాలి. షట్టరు దాటి వాచీ చూసుకున్నాను. అనుకున్నదానికంటే వేగంగా వెళ్తున్నాను. ప్రభువా నీకు స్తోత్రం అన్నాను.

దేనికి? నా కాళ్ళకి.

ఐదింటికి వాచీ మోగింది. నా తర్వాతి గంట పాస్టరుగారి భార్యది. మేమంతా అమ్మగారు అంటాం. ఆగకుండానే ఫోన్ చేశాను. ఆగితే ఒళ్ళు చల్లబడుతుందని. ఆయాసం అణుచుకుంటూ, ముక్కలు ముక్కలుగా, అందుకోండి అమ్మగారూ అన్నాను. ఆవిడ మెల్లగా, ఏడవకమ్మా, ఆయన వింటాడు, అన్నారు. నా ఎగశ్వాస ఆవిడకి వెక్కిళ్ళుగా వినిపించింది.

ఏడవట్లేదండీ, పరిగెడుతున్నాను. ఇంతే చెప్పాల్సింది. చెప్పలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని మిగతా దూరం పూర్తి చేశాను.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య గేటు దగ్గరే ఉంది. బాబాయి పోయాడంది. ఎప్పుడు అని అడిగాను. ఐదింటికి ముందే, అంది. నా షూ లేసులు విప్పుకోవడానికి వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాను.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన భార్య కరుణమ్మ పిన్ని నన్ను లోపలి గదిలోకి పిలిచింది. మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నీ గంటలోనే పోయాడమ్మా," అంది. "అమ్మగారు చెప్పారు. ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చావట."

నేను తల దించుకున్నాను.

"రాత్రంతా పెనుగులాడాడు. నాలుగు దాటాక ఎందుకో నెమ్మదించాడు. అమ్మాయి కూర్చుని ఉంటుందే ఈపాటికి, అన్నాడు. అదే ఆఖరి మాట." నా ముఖంలోకి చూసింది. "ఏం అడిగావమ్మా దేవుణ్ణి?"

అప్పుడు చెప్పాల్సింది. తలుపు వేసే ఉంది. మేమిద్దరమే ఉన్నాం.

"బాధ లేకుండా తీసుకెళ్ళమని అడిగాను పిన్నీ," అన్నాను.

పిన్ని కళ్ళు మూసుకుంది. "నేనా మాట అడగలేకపోయాను. బతికించు బతికించు అనే పట్టుకుని కూర్చున్నాను. నువ్వు అడిగావు కాబట్టి ఆయన సుళువుగా పోయాడు."

పరిగెత్తింది తప్పే. కానీ ఆ తప్పు ఒక్క తెల్లవారుజాముతో అయిపోయేది. ఈ అబద్ధం అయిపోలేదు. ఇంటివాళ్ళని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో పిన్ని లేచి నిలబడి దీన్ని సాక్ష్యంగా చెప్పింది. ఆ తర్వాత ఏటా బాబాయి జ్ఞాపకార్థం పెట్టే కూడికలో చెబుతూనే ఉంది. ఆ మాట చెప్పేటప్పుడే ఆమె వెన్ను నిటారుగా అవుతుంది. నేను ముందు వరసలో చాప మీద కూర్చుని వింటాను. ఎవరింట్లో మనిషి మంచం పట్టినా తెల్లవారుజాము గంట నాకే ఇస్తారు. ఈ అమ్మాయి ప్రార్థన వింటాడు, అంటారు.

మారథాన్ పరిగెత్తాను. నీ బాబాయి సంతోషిస్తాడు వెళ్ళమని పిన్నే పంపింది. పూర్తి చేశాను కూడా. మెడలో వేసిన పతకం ఇంటికి వచ్చాక బీరువాలో చీరల కింద పెట్టేశాను. మా ఆయన అప్పుడప్పుడు బయటికి తీసి చుట్టాలకి చూపిస్తారు. పరుగు మానలేదు. మానితే శిక్ష వేసుకున్నట్టు ఉంటుందేమో, అది నాకు నేను ఇచ్చుకునే క్షమాపణే అవుతుందేమో అని భయం. నాకిచ్చిన గంటలో మాత్రం కదలను. చాప మీద ఉంటాను. మోకాళ్ళూనగానే పిక్కలు లాగుతాయి. మాటలు రావు. తెల్లారాక గట్టు మీద పరిగెడుతుంటే బాబాయి పేరు అడక్కుండానే నోట్లోకి వస్తుంది, అప్పుడు రావాల్సింది ఇప్పుడు.

పిన్నికి చెబితే? ఎన్నోసార్లు గడపదాకా వెళ్ళాను. నాకు బరువు దిగుతుంది. ఆవిడకి ఏం మిగులుతుంది? ఆయన ఆఖరి మాట కూడా అబద్ధం మీద నిలబడ్డదైపోతుంది. ఆవిడ కోసమే చెప్పట్లేదని అనుకుంటాను. అది నిజమేనా? లేక ఆవిడ దుఃఖం వెనక నేను దాక్కుంటున్నానా? రెండూ ఒకేలా కనిపిస్తాయి నాకు. దేవునికి చెప్పుకున్నాను. ఆయనకి చెప్పడం సులువే, ఆయనకి ముందే తెలుసు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పిన్నికి రేపు ఆపరేషన్. విజయవాడలోనే. ఇవాళ సాయంత్రం చూడ్డానికి వెళ్తే, గొలుసు ప్రార్థనలో నాలుగింటి గంట నీకే ఇమ్మని అమ్మగారితో చెప్పానంది. నవ్వుతూనే, పరిస్థితి అంతదాకా వస్తే నాకూ అదే అడుగమ్మా, అంది. నా చెయ్యి మళ్ళీ అలాగే ఒళ్ళో పెట్టుకుంది. అలాగే పిన్నీ అన్నాను. బాబాయితో అన్న మాటే.

చాప డాబా మీద పరిచే వచ్చాను. షూ బయట పెట్టలేదు. ఈసారి ఉంటాను. ఉన్నంత మాత్రాన ఆ పాత గంట నిండదు, తెలుసు. అడగడానికి నాకు అర్హత ఉందో లేదో కూడా తెలియదు. మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడానికి మీ దగ్గర నేనేమీ తీసుకోలేదు.

ఒక్కసారైనా ఆ మాట ఉన్నదున్నట్టు నా చేత్తో రాసి చూడాలనుకున్నాను.

దానియేలు బాబాయి పోయేటప్పుడు నేను ప్రార్థించట్లేదు. పరిగెడుతున్నాను. చాలా బాగా పరిగెత్తాను.