కూర్మనాథం కట్టిన ప్రళయం

రంగూన్ పక్కనున్న ఇన్సేన్ దాటిన రైలు దారిలో ఆగిపోయింది. ఎందుకాగిందని నేను విసుక్కుంటే పక్కనున్న బక్కపలుచని మనిషి, "ఇంకో నూరేళ్లకి ఈ పట్టాల మీద పదడుగుల ఒండ్రు ఉంటాది బాబూ. ఇప్పుడే అలవాటుపడండి," అన్నాడు.

పేరు కూర్మనాథం. బరంపురం వైపువాడు. రంగూన్ సేక్కాన్ రేవులో మూటలు మోసి, ఈ 1926 నాటికి ఇన్సేన్‌లో రైలుపెట్టెలకు రంగులేస్తున్నాడు. ఊళ్లో పెళ్లాం, రంగూన్‌లో ప్రళయం. రెండోది నూరేళ్ల తర్వాత రంగూన్ మునిగే కథ, దాన్ని తొమ్మిదేళ్లుగా పోషిస్తున్నాడు.

నేను ప్రళయాలు చాలా చదివాను. ఒక రుషి, ఒక పడవ, ఒక చేప. ఆ పడవకు తాడెవడు పేనాడో ఏ పురాణమూ చెప్పదు. కూర్మనాథం తాడుతోనే మొదలుపెట్టాడు. పోటు ఎన్ని గంటలకు, ష్వేడగాన్ పగోడా మెట్లలో ఎన్నోదాని దాకా నీళ్లు, ఏ మిల్లులో ధాన్యం ముందు మొలకెత్తుతుంది, అన్నీ ఉన్నాయి. మనుషులు మాత్రం మొదటిరోజే పోయారు. మిగిలిన నలభైమందికి పేర్లు పెట్టే తీరిక అతనికి లేదు.

రేవులో పైడితల్లి పండుగకు మూడోనాటి మధ్యాహ్నం కథ చెప్పిస్తారు. నచ్చకపోతే తిట్టరు, మర్యాదస్తులు. అందరూ కలిసి మంగళం పాడేస్తారు. ఆపైన కథ సాగకూడదు. మూడేళ్లుగా ఇతని నీళ్లు జెట్టీ ఎక్కకముందే మంగళం పడుతోంది.

"ఈసారి ఆకరుదాకా సెప్పకపోతే మరి పిలవరు బాబూ."

రైలు దిగి నేనూ వెంట వెళ్లాను. ప్రళయానికి పిలుపు రోజూ వస్తుందా?

కథలో నీళ్లొచ్చాయి. నలభైమందీ ఒక మేడ మూడో అంతస్తుకెక్కారు. తర్వాత అరగంట ఒండ్రే. కూలీల మేస్త్రీ బంగారురాజు ఆవులించాడు.

"ఒరే కూర్మా, ఓ పెళ్లైనా ఎట్టరా!"

"పందిరిగుంజ దిగదు మామా. అంతా బురదే."

మేస్త్రీ గొంతు సవరించుకుని మంగళం ఎత్తుకున్నాడు.

"ఆగండెహె!" అంది నరసమ్మ, కూలీల జట్టుకు వండిపెట్టే ముసలమ్మ. "నలబైమందికి ఏటితో వొండుతార్రా? కట్టెలేవి?"

"టేకు దుంగలు కొట్టుకొస్తాయత్తా."

"తడిదుంగ మండుతాదేటి? నీ పెళ్లాం ఎప్పుడూ వొండలేదేటి నీకు?"

అంతే, జనం లేచారు. తలుపులు విరగ్గొట్టమన్నాడొకడు. మిల్లు ఊక ఉండగా తలుపులెందుకన్నాడు ఇంకొకడు. మంగళం మరిచి బంగారురాజు ఊకను ఏ కప్పు కింద ఆరబెట్టాలో చెప్పసాగాడు. ఆ బస్తాలు ఏ జట్టు మొయ్యాలన్నదాని మీద చొక్కాలు చిరిగాయి. లోకం మునిగినా పని పంపకం మేస్త్రీదేనట!

కూర్మనాథం వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు. తొమ్మిదేళ్ల లోకంలో పొయ్యి లేదు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"తరవాతేటయిందిరా?" అని నరసమ్మ అడిగేసరికి అతను నాకైనా చెప్పకుండా, ఊక చూడ్డానికి కాబోలు, మిల్లుల వైపు నడిచిపోతున్నాడు.