దారిలో పోయిన వేడి

ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఆయన్ని అందరూ మిశ్రమం మాస్టారంటారు. విశిష్టోష్ణం కొలిచే మిశ్రమ పద్ధతిని ఆయనంత భక్తిశ్రద్ధలతో చేసి చూపించేవారు మరొకరు లేరు. ఏటా కొత్త విద్యార్థులకు ఆయన ఉపన్యాసం ఒకటే.

"ఒక గ్రాము వస్తువు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి మింగుతుందో, అదే దాని విశిష్టోష్ణం. నీళ్లు నిదానస్తులు. ఓ పట్టాన వేడెక్కవు, ఎక్కాక ఓ పట్టాన చల్లారవు. రాగి మా బావమరిది. ఇట్టే భగ్గుమంటాడు, ఇట్టే చల్లబడతాడు."

తరువాత ప్రయోగం. రాగి ముక్కల్ని గొట్టంలో వేసి ఆవిరి మీద కాచి, పరుగున తెచ్చి, కెలోరీమీటరనే చిన్న చెంబులోని చన్నీళ్లలో గుమ్మరించాలి. బాగా కలిపి, నీళ్ల వేడి ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూడాలి. రాగి పోగొట్టుకున్నదీ, నీళ్లూ చెంబూ కలిసి సంపాదించిందీ సమానం, మిగిలిందంతా లెక్క. షరతు ఒక్కటే: దారిలో వేడి పోకూడదు.

"దొంగసొత్తు తెచ్చినట్టు తేవాలర్రా, చుట్టాన్ని సాగనంపుతున్నట్టు కాదు!" అనేవారు.

ఈ ఏడు రాగి తిరగబడింది. విలువ పుస్తకంలో ఉన్నదానికంటే తక్కువొచ్చింది. మళ్లీ చేస్తే ఇంకా తక్కువ. మాస్టారు విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడూ ఆయనే, సభ్యులూ ఆయనే. థర్మామీటరు మార్చారు. రాగిలో కల్తీ ఉందని కొత్త రాగి తెప్పించారు. చివరికి ఆవిరి కాగుకీ చెంబుకీ మధ్య అడ్డంగా ఉన్న చెక్క తెరని తీసేసి, రెంటినీ పక్కపక్కన పెట్టారు. కాగు సెగకి నీళ్లు ముందే వేడెక్కి, విలువ ఆకాశానికెక్కింది. తెర సగౌరవంగా స్వస్థానానికి చేరింది.

డిపార్ట్‌మెంటు హెడ్ మేడమ్ పిలిచింది. "మాస్టారూ, రేపు కొత్త బ్యాచ్ ముందు కూడా తప్పొస్తే, ఈ ప్రయోగం ఇంకెవరికైనా అప్పగిస్తానండీ. ఏమీ అనుకోకండి."

అనుకోవడానికేముంది? ఆయనకున్న ఆస్తల్లా అదొక్కటే.

సాయంత్రం ఇంట్లో భార్య టీ ఇచ్చింది. వంటింట్లో అందుకుని, ముందుగదిలో తన కుర్చీ దాకా తెచ్చుకుని తాగడం ఆయనకి అలవాటు. ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"ఏమోయ్, ఈ మధ్య చల్లారిన టీ పోస్తున్నావేం? నా మీద కోపమా?"

"కోపమొస్తే చక్కెర మానేస్తాను గానీ వేడెందుకు తగ్గిస్తాను? పొగలు కక్కుతుంటేనే ఇచ్చానండీ."

"మరి?"

"మీరే..." ఆవిడ మెల్లిగా అంది. "గడప దగ్గర నిలబడిపోతున్నారు. కాలు కదలనట్టు. పొద్దున గుండీలతో కుస్తీ పడుతున్నారు. చూస్తూనే ఉన్నాను. అడిగితే నా మీద పడతారని ఊరుకున్నాను."

ఆయన పడలేదు. కప్పు వంకే చూస్తూ కూర్చున్నారు. నిదానస్తురాలైన టీయే గడప దాటేలోగా చల్లారితే, బావమరిది సంగతి చెప్పాలా? చెక్క తెర దాటే చోట రాగితో రోజూ ఆగిపోతున్నది తనే.

మర్నాడు కొత్త బ్యాచ్ ముందు ఉపన్యాసం యథావిధిగా సాగింది. బావమరిది దగ్గర పిల్లలు నవ్వారు. రాగి కాగాక మాస్టారు పటకారు హెడ్ మేడమ్ చేతికిచ్చారు.

"మీరు తీసుకురండమ్మా."

"నేనా?"

"దొంగసొత్తులా."

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నాలుగంగల్లో తెచ్చి గుమ్మరించింది. విలువ పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది.

"చూశారా!" ఆవిడ మొహం వెలిగిపోయింది. "పరికరం బాగానే ఉంది మాస్టారూ!"

"బాగానే ఉందమ్మా. ఇకనుంచి మీరే చేసి చూపించండి," అన్నారాయన. చెంబు తుడిచి బోర్లించడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం వంటింట్లో పొయ్యి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. భార్య టీ పోసి ఇచ్చింది.

"వేడిగా ఉందా?"

"ఉంది."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దామండీ."

"వెళ్దాంలే."

దాటవలసిన గడప లేదు, మోయవలసిన దూరం లేదు. అయినా కప్పు సాసర్లో టకటకమంటూనే ఉంది. ఆవిడ చెయ్యి చాపి సాసరు పట్టుకుంది.