మైనం పట్టించిన సీటు

షెడ్డుకొచ్చిన ఓ పాత కారు ముక్కు మీద ఉండాల్సిన వెండిరంగు పక్షి బొమ్మ ఒకరోజు పొద్దున్నే కనిపించకుండా పోయింది. షెడ్డు యజమాని వెతకలేదు, ఎవరినీ అడగలేదు. నేరుగా దూది మేస్త్రి ముందు నిలబడి, వీధి చివరిదాకా వినిపించేలా "దొంగ" అన్నాడు. పదహారేళ్లుగా ఆ షెడ్డులో పాత కార్లకు సీట్లు కుడుతున్న మనిషి, సూదీ కత్తెరా సంచిలో వేసుకుని బయటికి నడిచాడు. నెల తిరక్కుండానే ఆ పక్షి యజమాని అల్లుడి బీరువాలో దొరికింది. ఈసారి యజమాని గొంతు గుమ్మం కూడా దాటలేదు. పెద్దమనుషుల గొంతులకు ఆ సౌకర్యం ఉంటుంది.

మొదటి మాట మాత్రం ఊరంతా తిరిగింది. తొమ్మిదేళ్లపాటు మేస్త్రి చేతిలో ఎవరూ కారు తాళం పెట్టలేదు. సీట్లు ఊడదీసి ఇంటికి పంపేవాళ్లు, కుట్టాక పట్టుకెళ్లేవాళ్లు. "మాకూ కారుంది, కాకపోతే సీట్లు మాత్రమే వచ్చాయి" అని ఆయన భార్య చుట్టాలను నవ్వించేది. మేస్త్రీ నవ్వేవాడు గానీ ఆ నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయేది.

అలాంటిది, పళ్ల డాక్టరమ్మ కారుకు కారే తెచ్చి వాకిట్లో పెట్టి తాళం చేతికిచ్చింది. వాళ్ల నాన్నగారి కారు. లేత ఆకుపచ్చ రంగు, చాటంత స్టీరింగు, ముందు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే తోలు సీటు.

"ఆదివారం మా క్లాసువాళ్లం అందరం కలుస్తున్నాం. ఇందులోనే వెళ్తా. పనయ్యాక మీరే ఓ చుట్టు తిప్పి చూడండి. శనివారం నాలుగింటికి వస్తా" అని చెప్పి వెళ్లింది.

మేస్త్రి కాళ్లు నేల మీద ఆనలేదు. స్ప్రింగులు మార్చాడు, కొత్త పీచు కూరాడు, పాత కుట్ల రంధ్రాల్లోంచే కొత్త దారం నడిపించాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. మూడు రోజులు తోలుకు మైనం పట్టించాడు, రుద్దాడు, మళ్లీ పట్టించాడు. భార్య ఆ సీటులో చూసుకుని జుట్టు సరిచేసుకుంది.

శనివారం పదకొండింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బండి తీశాడు. గ్రంథాలయం మూల దగ్గర స్టీరింగు కుడికి తిప్పాడు. కారు కుడికి వెళ్లింది. మేస్త్రి ఎడమకు వెళ్లాడు. తడినేల మీద సబ్బుబిళ్లలా జారి, అవతలి తలుపుకు కరుచుకుపోయాడు. స్టీరింగు వేలికొసలకు అందీ అందకుండా ఉంది, బ్రేకు కాలికి అసలు అందలేదు. కారు తీరిగ్గా వెళ్లి గ్రంథాలయం ప్రహరీకి ముక్కు ఆనించి నిలబడింది.

గోడకేం కాలేదు. కుడి మడ్‌గార్డు మాత్రం అరచెయ్యంత మేర లోపలికి పోయింది. మేస్త్రికి ముందు కళ్లలో మెదిలింది డాక్టరమ్మ మొహం కాదు, "మేం ముందే అనుకున్నాం" అనబోయే జనం మొహాలు.

చిన్నప్పటి స్నేహితుడికి ఫోన్ చేశాడు. రేకు పనిచేసే ఆయన్ని అందరూ సుత్తి అంటారు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉండటం ఒక కారణం, మొదలుపెడితే మాట ఆపకపోవడం రెండో కారణం. పావుగంటలో స్కూటర్ మీద దిగాడు.

"ఏం బావా, పుస్తకం తిరిగిచ్చేయడానికి కారుతో సహా లోపలికెళ్దామనుకున్నావా?"

"నీ నవ్వు తగలెయ్య! నాలుగింటికి అమ్మగారొస్తారు."

"నాలుగా? అయితే మధ్యలో టీ తాగే టైం కూడా ఉందిలే."

కారును సుత్తే వాకిటిదాకా నడిపాడు, ఒక చేత్తో తలుపు పట్టుకుని, ప్రతి మలుపులోనూ మేస్త్రిని తిట్టుకుంటూ. తర్వాత పల్చటి గుడ్డ మీంచి చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని రేకును తడిమాడు. వెనక ఇనుప దిమ్మ ఆనించి, ముందు నుంచి గుడ్డు పగలని బరువుతో కొట్టసాగాడు. సొట్ట అలిగిన పిల్లలా కాస్త కాస్తగా దారికొచ్చింది. రంగు బీటలిచ్చిన చోట, డిక్కీలో దొరికిన పాత డబ్బాలోంచి అదే రంగు సన్నటి కుంచెతో అద్దాడు. మూడున్నరకు మడ్‌గార్డు ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

"ఇక నోరు మూసుకుని తాళం ఇచ్చెయ్ బావా. ఏం జరగలేదు."

"మరి ఆవిడ జారితే?"

సబ్బునీళ్లతో సీటు కడిగి చూశారు. మూడు రోజులు తాగిన మైనాన్ని తోలు అంత తేలిగ్గా కక్కలేదు.

"బ్రేకు పట్టడం లేదు, రేపు తియ్యొద్దని చెప్పు. సరిపోతుంది."

"పోయిన నెల ఈ బండికి బ్రేకులు చేసినవాడి పేరు పోతుంది కదరా."

"సరే, నీ ఇష్టం" అని సుత్తి చేతిలోని సుత్తి కింద పెట్టేశాడు. ఆయన జీవితంలో అది అరుదైన సంఘటన.

డాక్టరమ్మ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. మేస్త్రి తాళం ముందుకు చాపి, మూలా గోడా మైనమూ అన్నీ వరసగా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ చెప్పుల వైపే చూశాడు.

"సొట్ట ఏదీ?" అందావిడ.

అంతవరకూ నోరు మూసుకోమన్న సుత్తి ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. "ఇక్కడేనమ్మా... కాదు, ఇదిగో, ఇక్కడ... ఉండండి." ఎంత తడిమినా ఆయనకే దొరకలేదు. దొరకలేదన్న ఆనందంలో రేకు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

డాక్టరమ్మ కారెక్కి, వాకిట్లోనే స్టీరింగు గట్టిగా తిప్పింది. జారింది. "అమ్మో!" అని అరిచి, తలుపు పట్టుకుని, పగలబడి నవ్వింది. మేస్త్రి భార్య లోపల్నుంచి గరుకు దుప్పటి తెచ్చి పరిచింది.

"రేపు పదింటికి రండి మేస్త్రీ. బండి మీరే నడపాలి" అంది డాక్టరమ్మ. "నేను వెనక కూర్చుని జారుతా. వెనక సీటుకు కూడా ఇంతే రుద్దారుగా?"

తాళం మేస్త్రి దగ్గరే ఉండిపోయింది. ఆదివారం ఆ కారు చూసిన పాతికమందిలో ముగ్గురు తమ కార్లు తెచ్చి అదే వాకిట్లో పెట్టారు.

మొన్న టీ కొట్టు దగ్గర కలిసినప్పుడు, పని ఎలా ఉందని సుత్తి అడిగాడు. మేస్త్రి గ్లాసు పక్కన పెట్టి అన్నాడు: "ఇప్పుడు ఎవరి బండి తీసినా ముందు సీట్లో కూర్చుని, అటో ఊపు ఇటో ఊపు ఊగి చూసుకుంటున్నాను బావా. వీధిలోవాళ్లు నాకు మతి పోయిందనుకుంటున్నారు. అనుకోనీ! దొంగ అనుకున్నదానికంటే నయమే కదా."