ఫోటోలోంచి తీసేసిన అక్క

2023లో జనగామ బస్టాండు దగ్గరి నా డిజైనింగ్ షాపుకు యాకయ్య అనే రైతు వచ్చాడు. ఊరు పెద్దవంగర. సంచిలోంచి పాత ఫోటో ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు. అందులో అతను, తల్లి, తండ్రి, అక్క సరోజన ఉన్నారు.

"గీ మా అక్కను తీసెయ్యాలె చెల్లె. ఎవ్వరికీ అనుమానం రావద్దు," అన్నాడు.

అనుమానం ముందు నాకే వచ్చింది. వాళ్ల ఊరికి దగ్గరి తొర్రూరులోనే స్టూడియోలుండగా ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? ఆడబిడ్డకు భూమిలో వాటా ఎగ్గొట్టడానికి మనుషులు ఎన్ని వేషాలు వేస్తారో విననిదాన్ని కాదు.

ఫ్రేమును అద్దంతోనే స్కాన్ చేసి పని మొదలుపెట్టాను. క్లోన్ స్టాంప్ అని ఒక టూల్ ఉంటుంది. ఫోటోలో ఒకచోటి భాగాన్ని తీసుకుని ఇంకోచోట పూస్తుంది. వెనకున్న గోడతో సరోజన చీరను, భుజాన్ని, చివరికి ముఖాన్ని కప్పేశాను.

యాకయ్య లేచి నిలబడ్డాడు. "ఆగు చెల్లె. మళ్ల తే."

అన్‌డూ నొక్కాను. చేసిన పనిని వెనక్కి తిప్పే కమాండ్ అది. ముఖం తిరిగొచ్చింది. కాసేపు చూసి, "సరే, తీసెయ్," అన్నాడు. రీడూ నొక్కితే వెనక్కి తిప్పింది మళ్లీ జరుగుతుంది. ముఖం పోయింది.

"జర ఇంకోసారి తే."

అలా తెప్పిస్తూ, తీయిస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తప్పుడు పని చేయించేవాడి బెదురు అనుకున్నాను.

ప్రింటు తీసుకుని వెళ్తూ, "పాతది నీ కంప్యూటర్ల ఉంచకు," అన్నాడు. నేను ఉంచాను. ఫైలు మూసేస్తే హిస్టరీ, అంటే మనం చేసిన మార్పుల వరుస, పోతుంది. ఆ తర్వాత ఎన్ని అన్‌డూలు కొట్టినా మనిషి రాదు. రేపు ఆ అక్కే వచ్చి నిలదీస్తే చూపించాలని అసలు స్కాన్‌ను విడిగా దాచాను.

కొన్నాళ్లకు అక్క రాలేదు, యాకయ్యే వచ్చాడు. "అక్క మళ్ల కావాలె చెల్లె. పాత ఫోటో అద్దానికి అతుక్కున్నది, తీస్తుంటే చినిగిపోయింది."

"ముందుగాల ఎందుకు తీయించినవో చెప్పన్నా. భూమి కోసమేనా?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "భూమేంది చెల్లె? అక్క చచ్చిపోయింది. మమ్ముల కన్న అవ్వకు మతిమరుపు. గా ఫోటో చూసినప్పుడల్లా సరోజన ఎప్పుడొస్తదంటది. లేదని చెప్తే అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుంటది. రోజూ గిదే. తొర్రూర్ల అక్క అందరికీ ఎరుకే, ఏందని అడుగుతరని గీడికి వచ్చిన."

"మరి ఇప్పుడేమైంది?"

"ఫోటోల కనవడకపోయేసరికి ఇల్లంత వెతుకుతాంది. నా బిడ్డను ఏం చేసినవ్‌రా అని నా మీదికే వస్తాంది."

స్కాన్ తెరిచి ప్రింటు కొట్టాను. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇగ అడిగితే వస్తదనే చెప్త," అన్నాడు.

ఇప్పటికీ ఫోటోలోంచి మనిషిని తీసేయమని ఎవరొచ్చినా నాకు ముందు అనుమానమే కలుగుతుంది. కాకపోతే దాన్ని మనసులోనే దాచుకుని పని మొదలుపెట్టను. ఈ ఫోటోను ఇంట్లో ఎవరు చూస్తారని అడుగుతాను. జవాబు విన్నాకే మౌస్ పట్టుకుంటాను.